పిగిలిపిట్ట సరే, ఏ పిగిలి? రెండు బుల్‌బుల్‌లను వేరు చేసుకోవడం ఎలా

మా వదిన మొన్న వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. కరెంటు తీగ మీద పిట్ట, వెనక తెల్లటి ఆకాశం. ఎండకు ఎదురుగా తీయడంతో పిట్టంతా మసిబొమ్మలా వచ్చింది. కింద ప్రశ్న: "తోక కింద ఎర్రగా ఉంది. నెట్‌లో వెతికితే రెండు పిట్టలు వస్తున్నాయి. ఇది ఏది?"

పిట్టలు చూడ్డం మొదలుపెట్టినవాళ్లు మొదటి నెలలోనే ఈ ప్రశ్న దగ్గర ఆగుతారు. ఆగడానికి కారణం కూడా ఆ ఎరుపే. కంటికి ముందు అది కనిపిస్తుంది, పేరులో కూడా అదే ఉంటుంది. కానీ తోక కింద ఎరుపు రెండు పిట్టలకీ ఉంది కాబట్టి అక్కడ మొదలుపెడితే ఎంతసేపు చూసినా తేలదు.

ముందు పేర్లు

తెలుగులో పిగిలిపిట్ట అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది నల్లతలతో, మట్టిరంగు ఒంటితో ఇళ్ల చుట్టూ తిరిగే పిట్ట. ఇంగ్లిష్‌లో దీని పేరు రెడ్-వెంటెడ్ బుల్‌బుల్. మొహమాటం లేకుండా తెలుగులో చెప్పాలంటే ఎర్రముడ్డి పిట్ట. రెండోది రెడ్-విస్కర్డ్ బుల్‌బుల్. కంటి వెనక చిన్న ఎర్రమచ్చ ఉంటుంది, అదే దాని మీసం. నెత్తిమీద నిక్కపొడుచుకున్న జుట్టు ఉంటుంది.

ప్రతిసారీ ఇంత పొడుగు పేర్లు రాయలేను. ఇక్కడ మొదటిదాన్ని నల్ల పిగిలి అనీ, రెండోదాన్ని సిగ పిగిలి అనీ అంటాను. పేరు సిగను బట్టి పెట్టాను గానీ, గుర్తుపట్టేటప్పుడు మాత్రం సిగను పూర్తిగా నమ్మొద్దు. ఎందుకో కింద చెప్తాను.

శాస్త్రీయ నామాల్లో కూడా ఒక తమాషా ఉంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ సిగ పిగిలికి జొకోసస్ అని పెట్టాడు. సరదా మనిషిని చెప్పే మాట అది. ఆ పిట్టను కాసేపు చూస్తే సరిగ్గానే పెట్టాడనిపిస్తుంది. 1766లో నల్ల పిగిలికి కేఫర్ అని పెట్టాడు. ఆ మాటకు దక్షిణాఫ్రికాకు చెందినది అని అర్థం. ఈ పిట్ట అక్కడిది కానే కాదు. ఎవరో తప్పు చెప్పారు, ఆయన రాసుకున్నాడు, ఆ తప్పు ఇప్పటికీ పేరులో ఉండిపోయింది. కాబట్టి పిట్టల విషయంలో పొరపడితే మరీ నామోషీ పడక్కర్లేదు.

ఇంకొక చిక్కు. ఉర్దూ గజళ్లలో గులాబీ కోసం ఏడ్చే బుల్‌బుల్ ఈ రెండింట్లో ఏదీ కాదు. అది పర్షియన్ కవుల నైటింగేల్, వేరే కుటుంబపు పిట్ట.

ఏ గుర్తుకు ఎంత విలువ

రెండు పిట్టలూ ఒకే ప్రజాతివి. రెండూ ఇంచుమించు 20 సెంటీమీటర్లు. రెండింట్లోనూ ఆడామగా ఒకేలా ఉంటాయి. రెండూ పండ్లు, పూలతేనె, పురుగులు తింటాయి. రెండూ పొదల్లో గిన్నెలాంటి గూడు కట్టి రెండు మూడు గుడ్లు పెడతాయి. కాబట్టి సైజు, తిండి, గూడు, గుడ్లు చూసి తేల్చాలనుకోవద్దు. మిగిలిన గుర్తుల్ని నా అనుభవంలో నమ్మదగిన వరసలో చెప్తాను.

అన్నిటికంటే ముందు రొమ్ము, పొట్ట. కిందిభాగం తెల్లగా ఉందా, మట్టిరంగులో ఉందా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరికితే మిగతావి చూడకపోయినా నష్టం లేదు. సిగ పిగిలి గొంతు, పొట్ట తెల్లగా ఉంటాయి. రొమ్ముకు రెండు పక్కల నుంచీ ముదురు రంగు పట్టీ వస్తుంది. దక్షిణాదిలో ఆ పట్టీ దాదాపు మధ్యలో కలిసిపోతుంది, తెల్లచొక్కాకి కాలర్ వేసినట్టు. నల్ల పిగిలికి ఇంత తేట తెలుపు ఉండదు. తల, గొంతు నల్లగా ఉండి, రొమ్ము ముదురు గోధుమరంగులో మొదలై పొట్ట దగ్గరికి వచ్చేసరికి పలచబడుతుంది. ఒక్కో ఈకకూ అంచు లేతగా ఉండటంతో దగ్గరగా చూస్తే చేపపొలుసులు పరిచినట్టు కనిపిస్తుంది.

రెండోది వీపు చివర, తోక మొదలయ్యే చోటు. నల్ల పిగిలికి అక్కడ తెల్లటి మచ్చ ఉంటుంది. కూర్చున్నప్పుడు రెక్కలు కప్పేయడంతో కనపడదు, ఎగిరిందంటే స్పష్టంగా మెరుస్తుంది. సిగ పిగిలికి ఆ చోటు వీపులాగే గోధుమరంగు. పిట్ట మీకు వీపు చూపించి పారిపోతోందంటే విసుక్కోకండి, అసలు గుర్తు అదే చూపిస్తోంది.

మూడోది చెంప. సిగ పిగిలి చెంప తెల్లగా ఉంటుంది, దాని కింద సన్నటి నల్లగీత. ఆ తెలుపు పైన, కంటి వెనక, ఎర్రమచ్చ. బొమ్మల్లో ఈ ఎరుపు కుంకుమ అద్దినట్టు కనిపిస్తుంది గానీ, నిజంలో అది చాలా చిన్నది. ఇరవై అడుగుల దూరంలో నీడలో కూర్చుంటే కనిపించకపోవచ్చు. చెంప తెలుపు మాత్రం కనిపిస్తుంది.

నాలుగోది సిగ. పుస్తకాల్లో దీన్నే ముందు చెప్తారు. సిగ పిగిలిది పొడుగ్గా, కొనదేలి, కాస్త ముందుకు వంగినట్టుంటుంది. నల్ల పిగిలిది పొట్టిది, మొద్దుగా కత్తిరించినట్టుంటుంది. హాయిగా కొమ్మ మీద కూర్చున్నప్పుడు తేడా బాగా తెలుస్తుంది. కానీ వానలో తడిస్తే, ఎగిరితే సిగ అణిగిపోతుంది. అటుపక్క నల్ల పిగిలి బెదిరినప్పుడో కోపం వచ్చినప్పుడో తన పొట్టి జుట్టును త్రికోణంలా లేపుతుంది. ఆ క్షణంలో ఫోటో తీసి, సిగ ఉంది కాబట్టి సిగ పిగిలే అని వాదించినవాళ్లలో నేనూ ఒకడిని.

ఇక తోక చివర తెలుపు. ఇది మోసం చేసే గుర్తు. నల్ల పిగిలికి ఎక్కడైనా తోక కొస తెల్లగానే ఉంటుంది. దక్షిణ భారతంలోని సిగ పిగిలికి ఉండదు. ఇంతవరకూ బాగానే ఉంది గానీ, ఈశాన్యం వైపు వెళ్తే అక్కడి సిగ పిగిలి తోకకు కూడా తెల్లకొస ఉంటుంది. బెంగళూరులో పనికొచ్చిన సూత్రం గువాహటిలో పనికిరాదు.

| చూడాల్సింది | నల్ల పిగిలి | సిగ పిగిలి |
|---|---|---|
| రొమ్ము, పొట్ట | మట్టిరంగు, పొలుసుల్లాంటి అంచులు | తెలుపు, రొమ్ము పక్కన ముదురు పట్టీ |
| ఎగిరేటప్పుడు వీపు చివర | తెల్లమచ్చ | గోధుమరంగు |
| చెంప | నలుపు | తెలుపు, పైన చిన్న ఎర్రమచ్చ |
| సిగ | పొట్టి, మొద్దు | పొడుగు, కొనదేలినది |
| తోక కొస | తెలుపు | దక్షిణాదిలో తెలుపు ఉండదు, ఈశాన్యంలో ఉంటుంది |
| తోక కింద | ఎరుపు | ఎరుపు |
| ఎక్కువగా ఉండే చోటు | పొడినేల, పొదలు, ఊళ్లు | పచ్చదనం, కొండలు, అడవి అంచు, నీడ తోటలు |

నల్ల పిగిలి: తీగ మీది పిట్ట

ఎండిన చేలగట్టు, రేగుపొదలు, ఊరి చివర ఖాళీ స్థలం, అపార్ట్‌మెంట్ గోడ పక్కన పెరిగిన వేప, ఎక్కడైనా ఇది సర్దుకుంటుంది. తెలుగు నేల మీద మైదానంలో ఉంటే, మీరు చూసిన పిగిలి ఇదే అయ్యుండే అవకాశం ఎక్కువ. మా వదిన ఫోటోలో ఉన్నది కూడా ఇదే. పిట్ట నల్లగా వచ్చినా తల ఆకారం గుండ్రంగా, జుట్టు మొద్దుగా ఉంది. తోక కొసన పలచగా వెలుగు దాటుతోంది. అయినా తర్వాత ఎగిరేటప్పుడు వీడియో తీసి పంపమన్నాను. తెల్లమచ్చ కనబడ్డాకే పేరు చెప్పాను.

దీనికి ధైర్యం ఎక్కువ. కిటికీ అద్దంలో, బండి అద్దంలో తన నీడను చూసి ఇంకో పిగిలి వచ్చిందనుకుని పోట్లాటకు దిగుతుంది. గూడు కట్టే రోజుల్లో అయితే మరీనూ. ముక్కుతో టకటకా కొట్టి, అద్దం కింద అంచు మీద వాలి, మళ్లీ ఎగిరి కొడుతుంది. అద్దానికి గుడ్డ కడితే ఆ రోజుకి గొడవ సద్దుమణుగుతుంది.

ఈ పోట్లాట బుద్ధే దాని కొంప ముంచింది కూడా. అసోంలోని హాజోలో మాఘ బిహు పండక్కి బుల్‌బుల్ పందేలు పెట్టేవారు, అందుకు పట్టేది ఈ పిట్టనే. అంతే కాదు, ఎక్కడికి తీసుకెళ్లినా బతికేయగలదు. ఫిజీ, హవాయి లాంటి దీవుల్లో పాతుకుపోయి పండ్లకూ పూలతోటలకూ నష్టం చేయడంతో, ప్రపంచంలోని 100 అతి చెడ్డ చొరబాటు జీవుల జాబితాలోకి ఎక్కింది. ఆ వందలో పక్షులు మూడే: గోరింక, యూరప్ స్టార్లింగ్, మన పిగిలి. పెరట్లో దొండపండు పొడుచుకు తింటున్నప్పుడు ఆ మాట తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఇంకో విశేషం చాతకపక్షి. వానలతో పాటు వచ్చే ఆ నలుపు తెలుపు కోకిల జాతి పిట్ట నల్ల పిగిలి గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. పిగిలి దంపతులు తమకంటే పెద్ద పిల్లకు తిండి మోస్తూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

సిగ పిగిలి: చెట్టుకొమ్మ మీది గాయకుడు

దీనికి తేమ, నీడ, పచ్చదనం కావాలి. పడమటి కనుమల్లో, ఊటీ, కొడైకెనాల్ వైపు ఇళ్ల కంచెల మీదే కూర్చుని కనిపిస్తుంది. బెంగళూరు తోటల్లో మామూలు పిట్ట. మన వైపు అరకు లాంటి కొండ ప్రాంతాల్లో తేలిగ్గా దొరుకుతుంది. నగరాల్లో కూడా చెట్లు దట్టంగా ఉన్న పార్కుల్లో ఉండొచ్చు. అందుకే "మాది మైదానం, ఇక్కడ ఉండదు" అని ముందే కొట్టిపారేయొద్దు. కానీ చుట్టూ పొడి పొదలే ఉన్నచోట సిగ పిగిలి చూశాననిపిస్తే, రొమ్ము తెలుపు కనిపించేదాకా ఆగండి.

గొంతు విషయంలో మాత్రం నా ఓటు దీనికే. చెట్టు చిటారుకొమ్మ మీద కూర్చుని, మూడు నాలుగు అక్షరాల్లో "కింకజూ" అన్నట్టు గట్టిగా, స్పష్టంగా పలుకుతుంది. చివరి అక్షరం పైకి లేస్తుంది. ఎవరినో పలకరించి జవాబు కోసం చూస్తున్నట్టుంటుంది. నల్ల పిగిలి పలుకు కాస్త బొంగురు, తొందర తొందరగా ఉంటుంది. బెదిరితే "పీక్, పీక్" అని పదునుగా అరుస్తుంది. పాట బాగుండటమే సిగ పిగిలికి శాపమైంది. దక్షిణ థాయిలాండ్‌లో వీటికి పాటల పోటీలు పెడతారు, పంజరాలు వరసగా వేలాడదీసి. పంజరాల్లోంచి తప్పించుకుని ఫ్లోరిడాలో కూడా కాపురం పెట్టింది.

తిండిలో ఒక్కటి చెప్పాలి. పచ్చగన్నేరు కాయ మనిషికి, పశువుకి విషం. సిగ పిగిలి దాని పండును తిని హాయిగా ఎగిరిపోతుంది. అది తింటోంది కదా అని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి.

పిల్లపిట్ట దగ్గరే పప్పులో కాలేస్తాం

ఇది కాస్త వివరంగా చెప్పాల్సిన సంగతి, ఎందుకంటే ఫోన్‌లో వెతికితే దొరికే బొమ్మలన్నీ పెద్ద పిట్టలవే.

నాలుగేళ్ల కిందట కొండ దారిలో ఒక టీ కొట్టు వెనక పులికంప పొదలో ఒక పిట్టను చూశాను. చెంప మీద ఎరుపు లేదు. సిగ పొట్టిగా, గోధుమరంగులో ఉంది. తోక కింద ఎరుపు బదులు వెలిసిన నారింజ. మీసం లేదు కాబట్టి నల్ల పిగిలి అని నోట్‌బుక్‌లో రాసేశాను. పక్కనే ఇంకో పిట్ట వచ్చి దాని నోట్లో పండు పెట్టింది. వచ్చినది అచ్చమైన సిగ పిగిలి, మీసంతో సహా. మళ్లీ చూస్తే పిల్లకి పొట్ట తెల్లగానే ఉంది, చెంప తెల్లగానే ఉంది. నేను చూసింది లేని ఎరుపును, చూడాల్సింది ఉన్న తెలుపును. రాసింది కొట్టేసి కొత్తగా రాసుకున్నాను.

సిగ పిగిలి పిల్లకు మీసం పెద్దయ్యాకే వస్తుంది. నల్ల పిగిలి పిల్ల కూడా వెలిసినట్టుంటుంది, తోక కింద ఎరుపు బాగా పలచన. కాబట్టి ఎరుపు లేదని ఏదీ తేల్చొద్దు. పిల్ల అనిపిస్తే రొమ్ము చూడండి, అదీ కాకపోతే ఐదు నిమిషాలు ఆగండి. తిండి పెట్టడానికి అమ్మో నాన్నో వస్తారు.

మీరు ఎలా చూస్తున్నారో దాన్ని బట్టి

బాల్కనీలోంచి, దుర్భిణి లేకుండా చూసేవాళ్లు రొమ్ము రంగుతో సరిపెట్టుకోవచ్చు. తెలుపా, మట్టా? మీసం కోసం కళ్లు చికిలించొద్దు.

బస్సులోంచో కారులోంచో చూసేవాళ్లకు దొరికేది రెండు సెకన్లు. అప్పుడు వీపు చివర తెల్లమచ్చ ఒక్కటే పనికొచ్చే గుర్తు. మెరిస్తే నల్ల పిగిలి. మెరవలేదంటే మాత్రం సిగ పిగిలి అని ఖాయం చేయొద్దు, మీకు కనపడకపోయి ఉండొచ్చు. ఉంది అంటే సాక్ష్యం, లేదు అంటే అనుమానమే.

ఫోటో తీసేవాళ్లకు నా సలహా: సిగ అందంగా లేచే క్షణం కోసం ఎదురు చూస్తూ కూర్చోకుండా ముందు పక్కనుంచి ఒక మామూలు ఫోటో తీసి పెట్టుకోండి. చెంప, రొమ్ము పట్టీ, తోక మూడూ ఒకే ఫ్రేములో పడతాయి. అందమైనది తర్వాత తీసుకోవచ్చు. ఎండ మీ వీపు వైపు ఉండాలి. తీగ మీది పిట్టను కిందనుంచి తీస్తే మా వదిన ఫోటో గతే పడుతుంది.

చెవితో గుర్తుపట్టేవాళ్లకు తేలిక దారి పిట్ట గొంతు విని పేరు చూపించే మెర్లిన్ యాప్, ఉచితమే. నేనూ వాడతాను. కాకపోతే అది చెప్పింది విని అక్కడితో ఆగకుండా, శబ్దం వచ్చిన వైపు చూసి పిట్టను కంటితో సరిచూసుకోండి. రెండు పిగిలులూ కలిసి తిరిగే తోటలో ఒకటి అరుస్తుంటే మనం చూసేది ఇంకోదాన్ని అయ్యుండొచ్చు.

పెరట్లోకి ఏది రావాలి?

కొందరి ప్రశ్న ఇంకోలా ఉంటుంది: "రెండింట్లో దేన్ని రప్పించుకోవచ్చు?" నిజం చెప్పాలంటే ఎంపిక మీది కాదు, మీ ఊరిది. పొడి వాతావరణంలో ఎన్ని మొక్కలు వేసినా వచ్చేది నల్ల పిగిలే. అదేమీ తక్కువ పిట్ట కాదు. గుబురుగా కత్తిరించిన గోరింట కంచె, దొండపాదు, ఒక పళ్లెంలో నీళ్లు చాలు. బోగన్‌విల్లియా పొదలోనో, వరండాలో వేలాడే కుండీలోనో గూడు కట్టినా కట్టేస్తుంది. నష్టం కూడా చెప్పాలి: జామ, బొప్పాయి మీకంటే ముందు అదే రుచి చూస్తుంది. పండు దక్కాలనుకునేవాళ్లు గుత్తులకు గుడ్డసంచి కట్టుకోవాలి, పిట్ట చిక్కుకునే వల మాత్రం వేయొద్దు.

మీది కొండ ఊరో, పెద్ద చెట్లున్న తోటో అయితే సిగ పిగిలి మీద ఆశ పెట్టుకోవచ్చు. మేడి, మర్రి లాంటి పండ్ల చెట్టు దగ్గర్లో ఉండాలి, కింద నీడలో గుబురు పొద ఉండాలి. అన్నీ కత్తిరించి శుభ్రంగా ఉంచే తోటకు ఇది తక్కువగా వస్తుంది. చక్కగా కనిపించే తోట కావాలా, పాడే పిట్ట కావాలా అన్నది మీరు తేల్చుకోవాలి.

ఏది గూడు కట్టినా జాగ్రత్త ఒకటే. గుడ్లు పొదగడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, పిల్లలు ఎగరడానికి ఇంచుమించు ఇంకో రెండు. గూడు కుండీలో ఉంటే ఆ నెలరోజులూ నీళ్లు గూటికి తగలకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి. కొమ్మలు పక్కకి తప్పించి ఫోటోలు తీయొద్దు, కాకికీ జెముడుకాకికీ దారి చూపించినట్టవుతుంది.

పంజరంలో పెట్టుకోవడానికి ఏది మంచిది అని అడిగేవాళ్లు కూడా ఉన్నారు. రెండూ వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద వీటిని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం.

ఇంత చెప్పినా కొన్ని పిట్టలు తేలవు. పొద్దుగూకాక, వానలో, ఆకుల చాటున, తోక కింద ఎరుపు మాత్రమే చూపించి వెళ్లిపోతాయి. నా నోట్‌బుక్‌లో అలాంటివాటికి ఒక మాట ఉంది: "పిగిలి, ఏదో తెలీదు." చూసిన పిట్టల్ని నమోదు చేసుకునే ఈబర్డ్ సైట్‌లో లెక్క రాసేవాళ్లు కూడా జాతి చెప్పకుండా బుల్‌బుల్ అని మాత్రం నమోదు చేయొచ్చు. ఊహించి రాసిన పేరు కంటే అదే నయం, రేపు అదే చెట్టు కింద ఇంకోసారి నిలబడి చూడొచ్చు.